చావడి తర్ఫీదు

ఇప్పుడు దేనికైనా తర్ఫీదే. చెత్త ఎత్తడానికి తర్ఫీదు, పన్ను వసూలుకు తర్ఫీదు, మీటింగులో మైకు ముందు ఎట్లా నిలబడాలో కూడా తర్ఫీదు. వద్దని నేను అనను. కానీ ఆ తర్ఫీదు ఫోనులోకి ఒక లింకై దిగి, కూరలో పోపు వేస్తూ సగం చెవితో వింటే వచ్చేస్తుందంటే మాత్రం ఒప్పుకోను. ఊరిని నడపడమంటే ఏ మోరీ ఎటు పారుతుందో, వానాకాలం ఏ సందు మొగదల నీళ్లు ఎనక్కి తంతాయో కాళ్లకు తెలియడం. అది కూర్చున్నచోట ఎవరికీ రాదు, బిడ్డా. మా రోజుల్లో అని మొదలుపెట్టగానే మీరు మొహం పక్కకు తిప్పుతారని తెలుసు. తిప్పుకోండి, నేను చెప్పేది చెప్పకుండా మాత్రం ఊరుకోను.

మాది నల్లగొండ జిల్లా చిట్యాల. భూపాలపల్లి వైపు ఇంకో చిట్యాల ఉంది, అది కాదు. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే రోడ్డు మీద, రామన్నపేట మీదుగా భువనగిరికి దారి చీలే చోట ఉంటుంది మా ఊరు. నా చిన్నతనంలో ఆ రోడ్డును అటూ ఇటూ చూడకుండానే దాటేవాళ్లం. ఎప్పుడో ఒక లారీ, ఇంకెప్పుడో ఒక ఎర్ర బస్సు. గొర్రెల మంద రోడ్డెక్కితే బస్సు ఆగేది, బస్సు కోసం మంద ఆగేది కాదు. ఇప్పుడు సంక్రాంతికి ఊళ్లకు పోయే కార్లు బారులు తీరితే మా ఊరి పేరు టీవీలో వస్తుంది. ఎప్పటినుంచో పంచాయతీగా ఉన్న ఈ ఊరు 2018 ఆగస్టులో మున్సిపాలిటీ అయింది. ఆ విడతలోనే రాష్ట్రంలో అరవైకి పైగా ఊళ్లకు మున్సిపాలిటీ బోర్డులు పడ్డాయి. బోర్డు రాయించడానికి ఒక్క పూట చాలు. బోర్డు కింద కూర్చునే మనిషిని తయారుచేయడానికి ఎన్నేళ్లు పడుతుందో ఎవరూ లెక్క వేసుకున్నట్టు లేదు. నా గులుగుడంతా అక్కడే.

పంచాయతీ రోజుల్లో మాకున్న మనుషులు వేళ్ల మీద లెక్కకొచ్చేవారు. సర్పంచు, మెంబర్లు, ఒక కారోబారు, పంపు దగ్గర ఒకాయన, వీధులు ఊడ్చే సఫాయివాళ్లు, అంతే. పైన పంచాయతీ సమితి నుంచి విస్తరణాధికారి అప్పుడప్పుడూ వచ్చి దస్త్రాలు తిరగేసి, చాయ్ తాగి, తప్పులు పట్టి పోయేవాడు. నేనూ ఒకప్పుడు మెంబరుగా చేసినవాణ్ణే కనుక ఈ సంగతి విన్న మాట కాదు. వీళ్లందరిలో ఊరు నిజంగా ఎవరి చేతుల్లో ఉండేదంటే కారోబారు చేతుల్లో. కారోబారు అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. ఇంటిపన్ను రాసేది, రశీదు చింపేది, పుట్టిన పిల్లల పేర్లు, పోయిన పెద్దల పేర్లు ఎక్కించేది, కరెంటు బిల్లు కట్టేది, తీర్మానాల పుస్తకం మోసేది అన్నీ ఆయనే. ఏ ఇంట్లో అన్నదమ్ములు వేరుపడ్డారో, ఎవరి కొడుకు భీవండి మగ్గాలకు పోయి పైసలు పంపడం మానేశాడో ఆయనకు తెలుసు. అందుకే ఆ ఇంటికి ఆ నెల పన్నుకు పోయేవాడు కాదు. ఆముదాలు అమ్ముడుపోయి చేతిలో నాలుగు రూకలు ఆడే రోజులు చూసి పోయేవాడు. వసూలు కాని బాకీ అప్పుడూ ఉండేది, కానీ ఎందుకు వసూలు కాలేదో అడిగితే ఇల్లిల్లుకూ జవాబు ఉండేది. ఇప్పుడు కంప్యూటరు బాకీ ఎంతో పైసలతో సహా చెప్తుంది, ఎందుకో చెప్పదు.

ఆ కారోబారు దగ్గరికి ఎవరైనా కుర్రవాడు పని నేర్చుకోవడానికి వస్తే, ఒక కారు పంట కాలం పన్ను డిమాండు రిజిస్టరు చంకన పెట్టుకొని ఆయన వెనక గల్లీ గల్లీ తిరగాల్సిందే. మొదట్లో రాయనిచ్చేవాడు కాదు. ఇల్లు చూసి ఎవరిదో చెప్పాలి, ఇంటి యజమాని మొహం చూసి ఈ రోజు అడగాలా వద్దా చెప్పాలి. అన్నీ సరిగా చెప్పినప్పుడు కలం ఇచ్చేవాడు. మెంబర్లమైన మాకు తర్ఫీదు చావడిలో తీర్మానం చదివే వేళ దొరికేది. సగం మందికి చదువు లేదు కనుక ప్రతి తీర్మానం బిగ్గరగా చదివి వినిపించాలి. ‘అవసరమైన మరమ్మతులు’ అని రాస్తే, ఏ మరమ్మతు, ఎవరి ఇంటి ముందు, ఎన్ని గజాలు అని వేలిముద్ర వేసే పెద్దమనిషే నిలదీసేవాడు. చట్టం పుస్తకం ముట్టుకోని ఆ మనిషి నాకు నేర్పినంత బడ్జెట్టు పాఠం తరవాత ఎవరూ నేర్పలేదు.

ఇంతకూ అప్పుడు సర్కారు తర్ఫీదులు లేవనుకుంటున్నారా? ఇప్పటికంటే దిట్టంగా ఉండేవి. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైనప్పుడు దాంతోపాటు గ్రామసేవకులని ఒక కొత్త జాతి పుట్టింది. వాళ్లు శిక్షణ కేంద్రంలో నేర్చుకొని సైకిలు మీద ఊరికి వచ్చేవారు. వచ్చి సాయంత్రానికల్లా పోయేవారు కాదు, రాత్రికి చావడిలోనే పడుకునేవారు. లాంతరు పెట్టి జపాను పద్ధతి వరినాటు చెప్పడం, కంపోస్టు గుంత కొలతలు నేల మీద పుల్లతో గీసి చూపడం మా ఇళ్లలో పెద్దలు ఎన్నోసార్లు చెప్పుకునేవారు. 1959లో నెహ్రూ మన పక్కన అప్పటి పాలమూరు జిల్లా షాద్‌నగర్‌కు వచ్చి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్‌కు దీపం వెలిగించిపోయాడు. సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి. సమాజ వికాస పథకంవాళ్లకు నేర్పేవాళ్లకు నేర్పడానికి 1958లో మసూరీ కొండల మీద పెట్టిన కేంద్ర సంస్థను 1965లో తెచ్చి మన హైదరాబాదు రాజేంద్రనగర్‌లో దించారు. ఇప్పుడు జాతీయ గ్రామీణాభివృద్ధి, పంచాయతీరాజ్ సంస్థ అంటున్నది దాన్నే. పట్నంలోని బెల్లా విస్టాలో 1956 నుంచి అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఉంది. మున్సిపాలిటీల వాళ్లకనే ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1970లో పట్టణ, పర్యావరణ అధ్యయన ప్రాంతీయ కేంద్రం పెట్టారు. 1976లో పుట్టిన అడ్మినిస్ట్రేషన్ ఇన్‌స్టిట్యూటు ఇప్పుడు మర్రి చెన్నారెడ్డి పేరుతో జూబ్లీహిల్స్‌లో ఉంది. ఒక చిన్న ఊరికి ఇన్ని బళ్లు ఇంత దగ్గర ఉండటం అరుదు. చిట్యాలలో పొద్దున సద్ది తిని బయలుదేరితే మధ్యాహ్నం భోజనంలోపు వీటిలో దేని గేటు దగ్గరైనా నిలబడొచ్చు.

మరి అంత దగ్గర ఉండి మాకు ఒరిగిందేమిటి? ఒకప్పుడు అట్లాంటి చోటికి పంపితే వారమో పది రోజులో అక్కడే ఉంచేవారు. ఒక్క గదిలో వేరే జిల్లాల సర్పంచులతో పడుకొని, రాత్రంతా వాళ్ల ఊరి తగాదాలు విని, మన తగాదా చెప్పుకొని, సగం చదువు మంచాల మీదే అయిపోయేది. పాలమూరు వాళ్లు కరువు రోజుల్లో చెరువు పూడిక ఎట్లా తీయించారో నేను విన్నది క్లాసులో కాదు, అట్లాంటి మంచం మీదే. ఇప్పుడు ఒక్క పూట హాలు, ఏసీ, ప్లాస్టిక్ సీసాలో నీళ్లు, సంచిలో ఒక పెన్ను, గోడ మీద బొమ్మల పాఠం. లేకపోతే అదీ లేదు, లింకు. కేంద్రం వాళ్ల కర్మయోగి అనే ఆన్‌లైన్ బడి ఒకటి ఉందట. అందులో ఎన్నో పాఠాలు, మంచివేనట. వేరే జిల్లాలో ఒక మున్సిపాలిటీలో కొలువు చేసే మా బంధువుల పిల్లగాడు, ఊరి పేరెందుకుగానీ, వీడియో దాని మానాన అది నడుస్తుంటే పక్కన అన్నం తింటూ కనిపించాడు. “గదేందిరా, పాఠం ఇనవా?” అంటే, “సర్టిఫికెట్ వస్తది తాతా” అన్నాడు. తెలివిగలవాడే, పని దొంగ కాదు. నెలకు ఇన్ని పూర్తిచేయాలని పైనుంచి ఒత్తిడి. పాఠం ఎన్నిసార్లు నడిచిందో లెక్క ఉంటుంది, వాడికేం వచ్చిందో ఎవరూ అడగరు.

పాఠం చెప్పేవాళ్లదీ ఒక వింత. చెత్త మాట వస్తే చాలు, ఇండోర్ బొమ్మ వేస్తారు. ఇండోర్ 2017 నుంచి 2023 దాకా ఏటా స్వచ్ఛ సర్వేక్షణ్‌లో మొదట నిలిచిన మాట నిజమే, వాళ్ల కష్టానికి దండం పెడతాను. కానీ అది లక్షల జనమున్న మహానగరం, దాని సొమ్ము వేరు, దాని సిబ్బంది వేరు. మా దగ్గర చెత్త ఎవరిదో చెప్పండి. సగం ఊరిది కాదు, రోడ్డుది. దాబాల దగ్గర ఆగిన లారీలు, బస్సులు, కార్లు విసిరేసి పోయిన గ్లాసులు, ప్లేట్లు. వాళ్లు మా పన్ను కట్టరు, మా ఓటర్లు కారు, రేపు కనిపించరు. హైవే పక్క చిన్న పట్టణం చెత్త సంగతి చెప్పే పాఠం నాకు ఒక్కటి చూపండి.

మా రోజుల్లో చెత్త అనేదే ఎక్కడుంది? ఇంటి వెనక పెంటకుప్ప ఉండేది. పేడ, ఊడ్చిన కసువు, పొయ్యి బూడిద, తిని మిగిలిన ఎంగిలాకులు అన్నీ అందులోకే. మృగశిర ముందు బండ్లు కట్టి చేనుకు తోలేవారు. పెంటకుప్ప పెద్దగా ఉన్న ఇంటికి పిల్లనిచ్చేవారంటే మీరు నవ్వుతారు, నవ్వండి. పశువులు, వ్యవసాయం ఉన్న ఇల్లని దానికి అర్థం. గ్రామసేవకుడు వచ్చి దాన్ని గుంతలో వేసి మన్ను కప్పితే ఇంకా సత్తువ ఉంటుందని చెప్పాడు, అంతే తేడా. ఇప్పుడు ఇంటి ఎరువు ఎట్లా చేసుకోవాలో పెరడే లేని రెండంతస్తుల ఇళ్లవాళ్లకు బొమ్మలేసి చెప్తున్నారు. పశువులు పోయె, బండ్లు పోయె, చేను ప్లాట్లాయె; ఆ ఎరువు ఎక్కడ వేస్తారని ఒకరూ అడగరు. పాఠం చెప్పేవారు ముందు అది అడగాలి.

ఇంత తిడుతున్నా కదా, ఒక్కచోట మాత్రం నా నోరు పడిపోతుంది. అది నీళ్ల సంగతి. మా రోజులు బంగారమని ఎంత చెప్పినా మేం తాగిన బాయి నీళ్లు ఫ్లోరైడ్ విషం. చౌటుప్పల్, మునుగోడు, మర్రిగూడ వైపు వంకరపోయిన కాళ్లతో పాకిన పిల్లల్ని చూసినవాణ్ణి నేను. ఆ ఫ్లోరైడ్ తీయడానికి 1970ల్లో నాగపూర్ ‘నీరి’ శాస్త్రజ్ఞులు పటిక, సున్నం, బ్లీచింగ్ పొడితో ఒక పద్ధతి కనిపెట్టారు. దానికి మన జిల్లా పేరే పెట్టారు. ప్రపంచమంతా ‘నల్లగొండ టెక్నిక్’ అని పుస్తకాల్లో చదువుకుంటుంది. ఖరీదు తక్కువ, సామాను బజార్లో దొరికేదే. మరి ఆ పద్ధతి ఊరూరా ఎందుకు నిలబడలేదు? ఏ నీళ్లకు ఎంత పటిక అన్నది నీటి గుణాన్ని బట్టి మారుతుంది. రోజూ కొలిచి కలపాలి, అడుగున పేరిన బురద తీసి అవతల వేయాలి. దానికి ఊళ్లో తర్ఫీదు పొందిన ఒక మనిషి, రోజూ, మానకుండా కావాలి. ట్యాంకు కట్టడానికి సొమ్ము ఉంటుంది, ఆ మనిషిని తయారుచేసి జీతమిచ్చి నిలబెట్టడానికి ఉండదు. ప్రపంచానికి పాఠమైనది పుట్టిన జిల్లాలో నిలవకపోవడానికి నాకు తెలిసిన పెద్ద కారణం ఇదే. తర్ఫీదు గురించి నేనింత రాద్ధాంతం చేసేది కూడా ఇందుకే. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ వేసి మొదలుపెట్టిన మిషన్ భగీరథతో కృష్ణ నీళ్లు ఇటు వచ్చాయి. ఇప్పటి పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి. ఇది మంచి మార్పే, నూటికి నూరుపాళ్లు. కానీ ఆ నీటినీ రోజూ వదిలే మనిషి, వాల్వు తిప్పే మనిషి, క్లోరిన్ చూసే మనిషి ఎప్పటికీ కావాలి. వాళ్లకు ఏ ఏసీ హాల్లో తర్ఫీదు ఇస్తున్నారు?

ఊరు మున్సిపాలిటీ అయిన మర్నాటి నుంచి ఏం మారిందో చెప్పేవాళ్లూ సరిగా రాలేదు. ఉపాధి హామీ పని పల్లెలకే కనుక, పట్టణమైన ఊళ్లలో జాబ్ కార్డు చేతిలో ఉన్నా పని లేదు. బోర్డు మారిందని సంబరపడ్డ కూలివాళ్లకు ఆ సంగతి పనికోసం పోయినప్పుడు తెలిసింది. అంతలో 2019లో కొత్త మున్సిపల్ చట్టం వచ్చింది. బడ్జెట్టులో పదిశాతం పచ్చదనానికి, నాటిన మొక్కల్లో వందకు ఎనభై ఐదు బతకాలి, లేకుంటే కొలువుకే ఎసరు. ఇల్లు కట్టుకోవడానికి టీఎస్-బీపాస్ అనే ఆన్‌లైన్ అనుమతి పద్ధతి వచ్చింది, 2020లో. డెబ్బై ఐదు గజాలలోపు ఇంటికి అనుమతి అక్కర్లేదు, ఒక్క రూపాయితో నమోదు. ఆరొందల గజాల దాకా ఎవరి మాట వాళ్లే రాసిచ్చుకుంటే చాలు. మా రోజుల్లో పునాది తవ్వేముందు సర్పంచు, కారోబారు, అటు ఇటు పక్కింటివాళ్లు నిలబడి తాడు పట్టి కొలిచేవారు. ఆ తాడు పట్టిన రోజునే తగాదా తెగిపోయేది. ఇప్పుడు ఫోనులో నొక్కితే కాగితం వస్తుంది, గోడ లేచాక పక్కింటివాడు కోర్టుకు పోతాడు. అయినా ఆ తాడు కొలత రోజుల్లో పేదవాడు సర్పంచు గుమ్మం ముందు ఎన్నిసార్లు చేతులు కట్టుకు నిలబడేవాడో నాకు తెలుసు. వాడికి ఒక్క రూపాయి పద్ధతి మేలే.

సొమ్ము సంగతీ అంతే. పంచాయతీకి వచ్చేది చిల్లర. కానీ ఆ చిల్లరతో మోరీ కట్టాలా, బాయికి గిలక వేయాలా అన్నది చావడిలో మేం తేల్చుకునేవాళ్లం. ఇప్పుడు వచ్చేది కోట్లలో మాట్లాడే సొమ్ము, కానీ పేరు రాసి మూత బిగించి వచ్చే ఊరగాయ జాడీలు అవి. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 దాకా చిన్న పట్టణాలకు ఇచ్చిన దాంట్లో వందకు ముప్పై పారిశుద్ధ్యానికే, ముప్పై తాగునీటికి, వాననీటికే. చేయి ఆడేది మిగతా నలభైలోనే. పైగా ఆస్తిపన్ను సక్రమంగా పెరగాలి, ఆడిటైన లెక్కలు ఆన్‌లైన్లో పెట్టాలి, అప్పుడే సొమ్ము అన్నారు. షరతులు తప్పని నేననను. కానీ ఆ లెక్కలు రాసే అకౌంటెంటు ఎన్ని చిన్న మున్సిపాలిటీలలో నిలకడగా ఉన్నాడు? ఉన్నవాడు ఇంకో ఊరికి కూడా ఇన్‌చార్జి. సొమ్ము ఎదురుచూస్తుంది, మనిషి లేడు. రాజ్యాంగం 74వ సవరణ 1993లో అమల్లోకి వచ్చి మున్సిపాలిటీలు చేయదగ్గ పనులు పద్దెనిమిది రాసిపెట్టింది. రాయడం తేలిక, బిడ్డా.

ఇక కౌన్సిలర్లు. 2020 జనవరి 22న ఓట్లు పడ్డాయి. గెలిచినవాళ్లలో సగం మంది ఆడవాళ్లే, చట్టం అట్లా చెప్పింది. కుర్చీలో కూర్చున్న రెండు నెలలకే కరోనా వచ్చి పడింది. తేరుకునే సరికి కాలం కరిగిపోయి 2025 జనవరిలో పదవి ముగిసింది, అధికారుల పాలన వచ్చింది. చట్టం ఏ సెక్షను ఎక్కడుందో తెలిసే సరికి ఇంటికి పోవాల్సిన రోజు. మా కాలంలో మెంబరు మెంబరుగానే ముసలివాడయ్యేవాడు, వాడి జ్ఞాపకమే ఊరికి దస్త్రం. అంతమాత్రాన ఆ చావడి మంచిదని మీరు అనుకుంటే నేను అబద్ధం చెప్పినవాణ్ణవుతాను. ఆ చావడిలో ఒక్క ఆడమనిషి కూర్చోగా నేను చూడలేదు. కొందరికి కుర్చీ, కొందరికి గడప అవతల నేల. ఇవాళ ఆ నేల మీద నిలబడ్డవాళ్ల మనవరాలు కౌన్సిల్లో కూర్చుంటే నా కళ్లు చల్లగా ఉంటాయి. అందుకే చెప్తున్నాను, ఆ పిల్లకు తర్ఫీదు అందరికంటే ఎక్కువ అందాలి. ఆమె పేరు మీద తర్ఫీదుకు భర్త పోవడం, ఆమె సంతకం పెట్టే చోట ఆయన వేలు పెట్టి చూపడం నేను ఎన్నో ఊళ్లలో చూశాను. ఇది ఆగాలి.

నా మాట ఒక్కటే. మమ్మల్ని హాలుకు పిలవకండి, మీరే రండి. మా మండలంలోనే పెదకాపర్తి దగ్గర రోడ్డు పక్కన గాంధీకి గుడి కట్టి దండాలు పెడుతున్నారు. ఊరి పాలన ఊరి చేతుల్లోనే ఉండాలన్న ఆయనకు మీరు ఊళ్లోకి రావడమే అంతకంటే పెద్ద పూజ. రాజేంద్రనగర్ మాస్టారు, ఉస్మానియా మాస్టారు ఒక వారం చిట్యాలలో ఉండాలి. తెల్లవారుజామున సఫాయివాళ్ల వెంట నడవాలి, మధ్యాహ్నం పన్ను రిజిస్టరు ముందు కూర్చోవాలి, రాత్రి కౌన్సిలర్లతో బడ్జెట్టు చదవాలి. వాన పడ్డ రోజు అయితే మరీ మేలు. పాఠం తెలుగులో, మన మాటల్లో చెప్పాలి. నేర్చుకున్న ఉద్యోగిని కనీసం మూడేళ్లు కదపకూడదు.

ఇక మీ సంగతి, పిల్లలూ. మీ వార్డుకు ఎంత సొమ్ము వచ్చింది, దేనికి వచ్చింది, ఎంత మిగిలింది అని కాగితం మీద అడగండి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి మీ జేబులోనే ఉంది. రేపు కౌన్సిలుకు నిలబడాలనుకునేవాడు ఎవడైనా మీలో ఉంటే, నామినేషన్ వేయకముందు తన వార్డులో ప్రతి మోరీ వెంట మొదలు నుంచి చివరిదాకా ఒకసారి నడిచి రావాలి. నడవనివాడికి ఓటు వేయకండి.